ప్లగ్గు తీసేశా బావా

అది కాదు బావా, నువ్వే చెప్పు, ఒంట్లో బాగోలేని మనిషికి సూపు తెస్తే అది కూడా నేరమేనా? గేటు దగ్గర ఆ లావుపాటాయన నా చేతిలో గిన్నె చూసి, మూత తీయించి, వంగి వాసన చూసి, లోపలికి వీల్లేదంటాడు! మాంసం, కర్రపెండలం, పచ్చి అరటికాయ అన్నీ వేసి పొద్దుట్నించీ పొయ్యి దగ్గరే నిలబడింది మీ చెల్లెలు. వాసన చూడ్డానికి మాత్రం వీలుంటుందేం వాడికి?

ఆఁ, తెచ్చా, తెచ్చాలే. వాడికో చిన్న గిన్నెడు పోసిచ్చా. అప్పుడు వీలైపోయింది.

లేవకు, లేవకు. దిండు నేను జరుపుతాగా. తల కదపొద్దన్నాడు కదా డాక్టరు! కట్టు కొంచెం కిందికి జారినట్టుంది. నొప్పా? మంటా? సరేలే, మాట్లాడకు. నేను మాట్లాడతా, నువ్వు తాగు.

ఫ్యాను తిరగట్లేదేంటి? ఓరి దేవుడా, ఇక్కడా పోయిందా కరెంటు! జెనరేటరు ఆపరేషన్ గదికి మాత్రమేనట, నర్సమ్మ చెప్పింది. ఈ బారాహోనా ఊళ్ళో మనిషి పుట్టిందే చెమట కార్చడానికి. ఇదిగో, ఈ అట్టముక్కతో విసురుతా.

ఎదురు మంచం ఆయన నిద్రపోతున్నాడా? అయ్యో, నిన్నడుగుతున్నా చూడు, నా మతి మండ. నీకెలా కనబడుతుంది? నిద్రపోతున్నాడు. గురక కూడా పెడుతున్నాడు. ఐతే ఫర్లేదు.

ఏం లేదు బావా. ఊరికే అడిగా.

వీధిలోకెళ్ళాలంటే ఒళ్ళు మండిపోతోంది నాకు. ఎవరైనా తిడితే పడొచ్చు. పొగుడుతున్నారు బావా! మంగలి దుకాణం ముందు కూర్చునే వాళ్ళంతా లేచి నా భుజం తట్టడమే. "తోరిబియో, నువ్వు కాబట్టి సరిపోయింది, ముందు కరెంటు తీశావ్, వేరేవాడైతే కంగారులో కొట్టంతా తగలబెట్టేవాడు" అని. మొన్న ఆదివారం ఫాదర్ గారు ప్రసంగంలో కూడా చెప్పాడంట. ఆపదలో బుర్ర నిలబెట్టుకోవడం దేవుడిచ్చిన వరం అని. నా పేరు చెప్పి మరీ!

మీ చెల్లెలు సంగతి చెప్పక్కర్లేదు. పెళ్ళై ఇన్నేళ్ళలో నెరేయిదా నన్ను అలా చూడ్డం నేనెరగను. వేయించిన చేపలో పెద్ద ముక్క నా పళ్ళెంలో వేస్తోంది. నేను డొమినోలు ఆడ్డానికి కూర్చుంటే కాఫీ తెచ్చి బల్ల మీద పెడుతోంది. డొమినోలంటేనే చీపురు తీసే మనిషి! "మా అన్నయ్య ఇవాళ బతికున్నాడంటే మా ఆయన చలవే" అంటోంది వచ్చిన ప్రతివాళ్ళతో.

ముద్ద దిగట్లేదు బావా నాకు.

మరి నిన్నేమో తిడుతోంది. నీ ముందు నిన్న అన్నది సగమే. ఇంట్లో ఇంకా అంటోంది. "సిగరెట్లు మానేశా మానేశా అని అమ్మ ఫోటో మీద ఒట్టేశాడు, ఇదేనా మానేయడం? ఆ గదిలోకి దూరి దొంగచాటుగా వెలిగించుంటాడు, అందుకే పేలింది" అని. వీధంతా అదే మాట. "ఆ ఎవారిస్తో గాడు సిగరెట్టు వెలిగించాడు, బ్యాటరీ పేలింది" అని. అయిపోయింది, తేలిపోయింది.

నువ్వు నిన్న ఎంత మొత్తుకున్నావ్! "తాగలేదే, నా జేబులో అగ్గిపెట్టె కూడా లేదే నెరేయిదా" అని. అది నమ్మిందా? ముక్కు చీదుకుని మొహం తిప్పుకుంది. నేనెక్కడున్నా అప్పుడు? ఇక్కడే. ఈ కుర్చీలోనే. నా చెప్పులు చూసుకుంటూ కూర్చున్నా. నువ్వు "బావా, నువ్వైనా చెప్పు" అన్నావ్. నేనేమన్నానో గుర్తుందా? "ఇప్పుడవన్నీ ఎందుకులే, ముందు కోలుకో" అన్నా. పెద్దమనిషిలా!

ఛీ.

ఇంకో గరిటె తాగు. వద్దా? సరే, కాసేపాగి తాగుదువులే.

అసలు ఆ బ్యాటరీ చార్జరు కొన్న రోజు గుర్తుందా నీకు? మనిద్దరం నీ కోంచో కారులోనే, నువ్వు జనాన్నెక్కించుకుని తిప్పే ఆ టాక్సీలోనే వెళ్ళాం. ముందు సీట్లో ముగ్గురం, నా ఒళ్ళో ఎవరిదో కోడిపుంజు. కొట్టువాడు పెట్టె విప్పి అన్నీ చూపించాడు. ఎర్ర వైరు పట్టుకారు ప్లస్సుకి, తర్వాత నల్లది మైనస్సుకి, ఆ తర్వాతే గోడకి ప్లగ్గు. తీసేటప్పుడు ముందు గోడ దగ్గర ప్లగ్గు, తర్వాత నల్లది, చివర్న ఎర్రది. గది తలుపులు తీసుంచాలి, మొహం బ్యాటరీ మీదకి పెట్టకూడదు. నువ్వు మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకున్నావ్. నేనేమో బయట నిలబడి కొబ్బరినీళ్ళు తాగుతున్నా. "పెళ్ళికొడుకు వివరాలు కనుక్కుంటున్నావా బావా?" అని వెక్కిరించా కూడా.

నాకు పెట్టె మీదున్న ఒక్క మాట చాలు. ఆటోమేటిక్! అదే చూసుకుంటుంది, ఎప్పుడు మొదలెట్టాలో, ఎప్పుడు ఆపాలో దానికే తెలుసు, ఇంక మనకేం పని? అంతే నా చదువు.

పైగా మన వాడలో ప్లగ్గు ఎవడు తీస్తాడు చెప్పు! పెట్టిన ప్లగ్గు పెట్టినట్టే ఉంటుంది. కరెంటు పోతుంది, వస్తుంది, మళ్ళీ పోతుంది. వచ్చిన కాసేపూ పోనివ్వకుండా బ్యాటరీకి ఎక్కించుకోవాలిగా? తీసి ఉంచితే, వచ్చినప్పుడు మనం నిద్రలో ఉంటే? అందుకని పట్టుకార్లు పెట్టడమైనా తీయడమైనా కరెంటు లేనప్పుడు చేసుకుంటాం. కరెంటు లేకపోతే ప్లగ్గు తీసినట్టే కదా! నేనొక్కణ్ణేనా? చేపల ఐసు పెట్టెల వాళ్ళూ అంతే, సౌండు డబ్బాలతో పాటలు పెట్టేవాళ్ళూ అంతే. నువ్వొక్కడివే అందరిలో వేరు. ప్రతిసారీ అడుగుతావ్. "బావా, ప్లగ్గు తీశావా?" అని. నీకు మేం ముసలమ్మ అని పేరు పెట్టాం. నాతో డొమినోలాడే చాగో అయితే నువ్వొస్తుంటే చాలు, "అదిగో ముసలమ్మ వస్తోంది, ప్లగ్గులు దాచుకోండ్రా" అనేవాడు. నవ్వేవాళ్ళం.

నవ్వుతున్నావా నువ్వు కూడా? నవ్వకు బావా. బుగ్గ కదిలితే కట్టు లాగుతుందేమో.

మా కొట్టు వెనక, బ్యాటరీలు పెట్టే ఆ గదికి కిటికీ ఉండేది. పక్క వీధిలో ఎవడో బ్యాటరీలు ఎత్తుకుపోయాడని, నేనే చెక్కలు కొట్టి మూసేశా. నువ్వు వద్దన్నావ్. చార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీ గ్యాసు వదులుతుంది, అది కంటికి కనపడదు, చిన్న నిప్పురవ్వ పడితే చాలు అన్నావ్. నేను విన్నాను. విని, "దొంగ కూడా కంటికి కనపడడు బావా" అన్నా. ఎంత తెలివైన మాట అన్నాననుకున్నానో!

సరే. ఆ శనివారం పొద్దున.

నీ కారు బ్యాటరీ ముందురోజు సాయంత్రం నుంచీ మా కొట్టు వెనక గదిలో ఉంది. రాత్రంతా కరెంటు వస్తూ పోతూ, వస్తూ పోతూ. వచ్చిన ప్రతిసారీ ఆ ఆటోమేటిక్ మహాతల్లి మొదట్నించీ మొదలెడుతుందని నాకేం తెలుసు? నిండిన కడుపుకి మళ్ళీ మళ్ళీ పెట్టింది అన్నం. నువ్వొచ్చి గది తాళం తీయగానే "బావా, కుళ్ళిన గుడ్డు వాసన వస్తోంది" అన్నావ్. నేను కొట్టు ముందు బల్ల దగ్గర. చేతిలో మంచి ఆట. చాగో నా జోడీ. అవతలివాళ్ళకి ముక్క పడట్లేదు. "తలుపు తీసుంచు, పోతుందిలే" అని అరిచా.

నువ్వు తలుపు తీసుంచావ్. కాసేపు ఆగావ్ కూడా. ఆ తర్వాత వంగే ముందు అడిగావ్.

"బావా, ప్లగ్గు తీశావా?"

బావా, ఇది నేను మీ చెల్లెలికి చెప్పలేదు. ఫాదర్ గారికి చెప్పలేదు. చాగోకి చెప్పలేదు, వాడు పక్కనే ఉన్నాడు గానీ వాడికి ఆట తప్ప ఏం వినపడదు. నువ్వడిగావ్. నేను నా ముక్కల్లోంచి తల కూడా ఎత్తలేదు. "తీశా బావా, తీశా" అన్నా.

తీయలేదు.

తీయలేదు బావా. ప్లగ్గు బియ్యం బస్తాల వెనక ఉంది. లేవాలి, లోపలికెళ్ళాలి, బస్తా జరపాలి. కరెంటు ఎలాగూ లేదుగా అనుకున్నా. తీసినట్టేగా అనుకున్నా. ఈ మనిషికి చాదస్తం, అవునంటే ఓ పనైపోతుంది అనుకున్నా. అంతకంటే ఏం అనుకోలేదు. ఒట్టు.

అప్పుడొచ్చింది కరెంటు.

వీధంతా ఒక్కసారి అరిచిందిగా, ఎప్పుడూ అరిచినట్టే. "వచ్చిందీ!" అని. పిల్లలూ, ముసలాళ్ళూ, ఎదురింటి రేడియో, అన్నీ ఒక్కసారే. నేనూ అరిచా! చెయ్యెత్తి మరీ అరిచా. చల్లటి బీరు దొరుకుతుందని సంతోషం నాకు.

నువ్వూ విన్నావ్ కదా ఆ అరుపు? విన్నావ్. చెవుడా నీకేమన్నా? కరెంటు వచ్చిందని నీకూ తెలుసు. అయినా చెయ్యి వెనక్కి తీయలేదు. ఎందుకు తీస్తావ్? చార్జరు నీ వెనక ఉంది, దాని దీపం వెలిగినా నీకు కనపడదు. తీశానని నేను చెప్పానుగా. నా మాట మీద ఆ నల్ల పట్టుకారు పైకి లాగావ్.

నిప్పురవ్వ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీక ఊళ్ళో వాళ్ళంతా నీ జేబులో సిగరెట్టు వెతుకుతున్నారు. నాకు తెలుసు ఎక్కణ్ణుంచి వచ్చిందో. కరెంటు పారుతుండగా పట్టుకారు లాగితే వస్తుంది. అందుకే నువ్వు అడిగేది ప్రతిసారీ.

ఆ చప్పుడు వినగానే చాగో ముక్కని బల్ల మీద కొట్టాడనుకున్నా. నిజం. వాడి వైపు చూశా. వాడు నా వైపు చూస్తున్నాడు. అప్పుడు వినపడింది నీ కేక.

ఏడవట్లేదు. చెమట. ఫ్యాను లేదుగా.

ఇంకా ఉంది. ఇక్కడితో ఐపోతే బాగుండేది. ఇంతవరకూ బద్ధకం అనుకోవచ్చు. ప్రతివాడూ చేసే తప్పు, నా నెత్తిన పడింది అనుకోవచ్చు. ఆ తర్వాత నేను చేసింది వేరు.

లోపలికి పరిగెత్తా. గదిలో నల్ల ప్లాస్టిక్ ముక్కలు, పొగ, గొంతు పట్టేసే వాసన. నువ్వు మొహం మీద చేతులు పెట్టుకుని గోడకి కొట్టుకుంటున్నావ్. "నీళ్ళు బావా, నీళ్ళు, కళ్ళు, నీళ్ళు!" అంటున్నావ్. నీళ్ళ డ్రమ్ము ఎక్కడుంది? పెరటి గుమ్మంలో. పక్కనే. మగ్గు దాని మీదే.

నేను నిన్ను దాటుకుని వెళ్ళా. డ్రమ్ము వైపు కాదు.

బియ్యం బస్తాల వైపు వెళ్ళా. పై బస్తా పట్టుకుని లాగాను, అది రాలేదు, కాలు అడ్డం పెట్టి ఈడ్చా. చెయ్యి దూర్చా. ప్లగ్గు పీకా.

ముందు కరెంటు తీయాలి, అదే పద్ధతి అని అందరికీ చెప్పా. అందరూ అవునన్నారు. అబద్ధం బావా! నిన్ను కాపాడ్డానికి కాదు పీకింది. కొట్టు తగలబడుతుందని కాదు. బ్యాటరీ పేలిపోయాక ఇంకేం మిగిలిందని? తీశానని అన్నాను కదా, ఎవరైనా వచ్చి చూసేసరికి అది తీసి ఉండాలి. అదొక్కటే ఉంది నా బుర్రలో. నువ్వు నీళ్ళు నీళ్ళని అరుస్తుంటే నా బుర్రలో ఉన్నదదీ.

మీ చెల్లెలు వీధిలోంచి పరిగెత్తుకొచ్చింది. డ్రమ్ములో మగ్గు ముంచి నీ మొహం మీద కొట్టడం మొదలెట్టింది అదీ. నేనింకా ప్లగ్గు పట్టుకుని నిలబడున్నా. అది నా చేతిలో ప్లగ్గు చూసింది. అంతే, నేను గొప్పవాణ్ణైపోయా.

డాక్టరు ఏమన్నాడో తెలుసా? నీకు చెప్పలేదు, నాకు చెప్పాడు. యాసిడ్ కళ్ళల్లో పడితే మొదటి మగ్గు నీళ్ళే వైద్యం, మేం చేసేదంతా తర్వాత సంగతి అన్నాడు. కుడి కన్ను ఫర్లేదంట. ఎడమది రేపు కట్టు విప్పితేగానీ చెప్పలేనన్నాడు. "నీళ్ళు పోయడం ఆలస్యమైందా?" అని అడిగాడు. లేదండీ, వెంటనే పోశాం అన్నా. చూడు, అక్కడ కూడా!

ఒంటి కన్నుతో కోంచో నడపనివ్వరు బావా. ఆ కారు తప్ప నీకు ఇంకేం తెలుసు? రేపు కట్టు విప్పుతారు, నువ్వు ఓ కన్నుతో నన్ను చూస్తావ్. "బావా, ఏమైంది ఆ రోజు?" అని అడుగుతావ్. నేనేం చెప్పాలి? అందుకే ఇవాళొచ్చా. నీ కళ్ళు మూసి ఉండగానే చెప్దామని. అంత మగాణ్ణి నేను.

ఏదో ఒకటి అను. తిట్టు. ఆ గిన్నె తీసి నా మొహాన కొట్టు, పడతా.

ఆఁ? ఏంటీ?

ఇంకొంచెం గట్టిగా చెప్పు. బస్తా?

బస్తా జరిపిన చప్పుడు... విన్నావా నువ్వు?

ఆ కేకల్లో, ఆ మంటలో, అది విన్నావా? నేల మీద బస్తా ఈడ్చిన చప్పుడు, ఆ తర్వాత ప్లగ్గు చప్పుడు. నా అడుగులు నిన్ను దాటుకుని అటు పోవడం. అంతా విన్నావా? అంటే ఇన్ని రోజులూ... నిన్న మీ చెల్లెలు సిగరెట్టని తిడుతుంటే "బావా, నువ్వైనా చెప్పు" అన్నావే, అప్పటికే తెలుసా నీకు?

దేవుడా.

మరి చెప్పొచ్చుగా దానికి! నోరుందిగా నీకు! నీ మీద ఎందుకేసుకున్నావ్? ఒట్టేసినా నమ్మట్లేదని ఏడ్చావ్ కదా నిన్న, ఆ కట్టు కింద. నేను చూశా. ఒక్క మాట అంటే సరిపోయేది, "తోరిబియో తీయలేదే" అని.

ఏమన్నావ్?

నీతో బతకాల్సింది మా చెల్లెలేగా, అన్నావా?

అంటే చెప్పొద్దంటావా? దానికి చెప్పొద్దా? సిగరెట్టనే అనుకోనివ్వమంటావా? నువ్వు బాగా ఆలోచించే అంటున్నావా బావా? నీ పేరు వీధంతా...

సరే. సరే బావా. నువ్వు ఎలా అంటే అలా.

చూశావా. నువ్వు ఆ మాట అన్నావో లేదో, నా గుండె మీంచి బండ తీసినట్టైంది. ఆకలి కూడా వేస్తోంది. సిగ్గులేని ఒళ్ళు బావా ఇది.

ఇంకొక్కటి. ఇది కూడా చెప్పేస్తా, మళ్ళీ ధైర్యం రాదు. పొద్దున మీ చెల్లెలు సూపు గిన్నెకి మూత పెడుతుంటే దానికి చెబుదామని దాని వెనక చాలాసేపు నిలబడ్డా. చెప్పలేదు. నీ దగ్గరికొచ్చా. ఎందుకో తెలుసా? అది వినగానే మూట కట్టుకుని వెళ్ళిపోతుంది. నువ్వైతే చెప్పొద్దంటావ్. నాకు తెలుసు బావా. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే తెలుసు. నువ్వు వద్దంటావనే నీకు చెప్పా.

తల అటు తిప్పకు. బావా. ఇటు...

అదిగో, వచ్చింది. చెప్పుల చప్పుడు దానిదే. కళ్ళు తుడుచుకోనీ ఓ క్షణం.

రావే నెరేయిదా, ఇలా కూర్చో. తాగాడు, సగం తాగాడు. లేదు, నొప్పేం లేదంట. అబ్బా, వచ్చీ రాగానే మళ్ళీ ఆ సిగరెట్టు గొడవేనా? ఊరుకోవే ఇంక. మనిషన్నాక పొరపాటు చేస్తాడు. వదిలెయ్యి పాపం.